మూడు నిమిషాల స్నేహం

గుంటూరు నుంచి ప్రొద్దుటూరు పోయే సూపర్ లగ్జరీ రాత్రి ఎనిమిదిన్నరకు. నేను ఏడింటికే బస్టాండులో కూర్చున్నాను. కోపం వస్తే నాకు ఇంట్లో కాలు నిలవదు. సంచి మోసుకొచ్చిన మావారు, "వెళ్తున్నది పరామర్శకు, పోట్లాటకు కాదు" అన్నారు. రెండూ చేసి వస్తానని చెప్పాను. టికెట్టు ఏడు వందల చిల్లర. పగటిపూట ఊరి బస్సులు మారుకుంటూ పోతే ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపించి పైసా లేకుండా కడప జిల్లా దాకా పోవచ్చు. నా మోకాళ్ళు అందుకు ఒప్పుకోలేదు.

కోపం ఎందుకో చెప్పాలి. పులివెందులలో నాకొక స్నేహితురాలుంది, సుభద్ర. ఆమె భర్త ఓబుళరెడ్డి పోయి అయిదు నెలలయింది. ఆ సంగతి నాకు పోయిన వారం తెలిసింది. అదీ సుభద్ర చెప్పలేదు. జమ్మలమడుగులో ఉండే కమరున్ ఫోనులో ఏదో మాట్లాడుతూ, ఓబుళరెడ్డన్న పోయినప్పటి నుంచి సుభద్రక్క బాగా చిక్కిపోయిందని మాటవరసకు అంది. నేను ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎందుకంటే ఈ అయిదు నెలల్లో ఒక్క ఆదివారం కూడా తప్పకుండా సుభద్రా నేనూ మాట్లాడుకున్నాం. లెక్క చూసుకుంటే, ఆయన పోయిన వారానికే కాబోలు, మీ ఆయనేం చేస్తున్నాడే అని అడిగాను. వెనక జనం మాటలు వినపడుతున్నాయి. చుట్టాలొచ్చారంది. ఆయన గురించి మాత్రం "పండుకోనుండాడు" అంది. తిని పడుకోవడం తప్ప మగాళ్ళకేం పనిలే అని నేను నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మేం ముగ్గురం ఒకప్పుడు ప్రొద్దుటూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లం. పెళ్ళిళ్ళు కాకముందు ఒకే గదిలో అద్దెకున్నాం. ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఆ రోజుల్లో వేరే ఊరికి ఫోను చేయాలంటే మాకు చెప్పి ట్రంకు కాల్ బుక్ చేసుకోవాలి. మేం ఆ ఊరి లైను పట్టి, రెండు వైపులా కలిపి, "మాట్లాడండి" అనేవాళ్ళం. మూడు నిమిషాలు కాగానే లైన్లోకి వచ్చి, "మూడు నిమిషాలయిందండీ, పొడిగించమంటారా?" అని అడగాలి. నూటికి తొంభై మంది వద్దమ్మా వద్దమ్మా అని పెట్టేసేవాళ్ళు. ఇంకో నియమం కూడా ఉండేది. కలిపాక మేం తప్పుకోవాలి, వినకూడదు. కలిసిందో లేదో చూసుకునే ఆ కాస్త సేపట్లోనే ఎన్నో ఏడుపులు చెవిన పడేవి. చావు కబుర్లు, ఆసుపత్రి కబుర్లు. ఎవరైనా ఏడవడం మొదలుపెడితే చప్పుడు కాకుండా తప్పుకోవడమే మా ఉద్యోగం.

ఆ అలవాటు ఒంట్లో ఇంకిపోయింది. నేను గుంటూరు బదిలీ అయ్యాను, ట్రంకు కాల్స్ పోయాయి, రిటైరయ్యాం, ఫోను మాటలకు లెక్కే లేని కాలం వచ్చింది. అయినా సుభద్రా నేనూ మాట్లాడుకుంటే మూడు నిమిషాలకల్లా ఎవరో ఒకరు "సరే మే, ఉంటా" అనేస్తాం. మే అంటే ఆ వైపు ఒసే అన్నట్టు. గడియారం చూడక్కర్లేదు. మూడు నిమిషాల్లో ఏం పడుతుంది? ఎండలు, వంట, మోకాళ్ళు. చివర్లో ఆమె, "పిల్లోడెట్లుండాడు మే?" అంటుంది. నేను, "బాగున్నాడే" అంటాను. ఇన్నేళ్ళుగా మా స్నేహం ఇదే. ఇది చాలా గట్టిదని నేను నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను.

బస్సు కదిలాక పక్కసీటావిడ పలకరించింది. ప్రొద్దుటూరులో వాళ్ళకు బంగారు అంగడి ఉందట. గుంటూరులో కొడుకు చదువుకుంటున్నాడు, వాడికి పచ్చళ్ళు ఇచ్చి వస్తోందట. ఆమె తన కథ చెప్పి, నాకెంత మంది పిల్లలని అడిగింది. ఒక్కడే కొడుకు, కిరణ్, మంగళగిరిలో ఉద్యోగం, ప్రతి ఆదివారం వస్తాడు అన్నాను. "దగ్గిర్లోనే ఉండాడు, అదృష్టవంతులు" అందామె.

మంగళగిరిలో ఉంటాడన్నది నిజం. మిగతాది అబద్ధం. వాడి పెళ్ళి దగ్గర మాటా మాటా పెరిగింది. ఎవరేమన్నారో ఇక్కడ రాయను. వాడు మా గడప తొక్కి నాలుగేళ్ళు, నాతో మాట్లాడి నాలుగేళ్ళు. ఇంటి నుంచి మంగళగిరి బస్సులో గంట లోపే. ఈ సంగతి మావారికీ నాకూ తప్ప ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్నాను. అబద్ధం చెప్పీ చెప్పీ అలవాటయింది, వివరాలు కూడా కల్పిస్తాను. మొన్న వేసవిలో సుభద్రకు, వాడు బంగినపల్లి మామిడిపళ్ళు బుట్టెడు తెచ్చాడని చెప్పాను.

పోరుమామిళ్ళ, మైదుకూరు నిద్రలో దాటిపోయాయి. పొద్దున ఆరున్నరకు ప్రొద్దుటూరు. బస్టాండుకు ఎదురుగా లాడ్జీలున్నాయి. స్నానానికి, కాసేపు నడుం వాల్చడానికి అని చెబితే పూట అద్దెకే ఇస్తారు. నాకు మూడు వందలు తీసుకున్నారు, వేణ్ణీళ్ళు నిజంగానే వేడిగా వచ్చాయి. ఎనిమిదింటికి కింద హోటల్లో కారం దోసె తిన్నాను. ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి, నెయ్యి వేసి ఇస్తారు. మా గుంటూరు వాళ్ళం కారానికి మేమే మొనగాళ్ళమనుకుంటాం కానీ ఈ దోసె ముందు నేను రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. తింటుంటే మా ముగ్గురి జీతాల రోజులు గుర్తొచ్చి కోపం కాస్త చల్లబడబోయింది. చల్లబడనివ్వలేదు.

పాత ఎక్స్ఛేంజి చూద్దామని వెళ్ళాను. గేటుకు తాళం, లోపల టవరు ఒకటి నిలబడి ఉంది. మేమున్న గది పోయి దాని స్థలంలో మూడంతస్తుల చీరల అంగడి వచ్చింది. వచ్చినదాన్ని ఎలాగూ వచ్చాను, సుభద్రకు చీర తీసుకుందామని లోపలికి వెళ్ళాను. పరుపు మీద కూర్చున్న పెద్దాయన, అంగడి యజమాని, ఎవరికి, ఏ శుభకార్యానికని అడిగాడు. శుభకార్యం కాదని సంగతి చెప్పాను. "మాట్లాడిచ్చను పోతాండారా?" అన్నాడు. ఇక్కడ పరామర్శను అలాగే అంటారు. పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి, మిగిలినవాళ్ళ చేత నాలుగు మాటలు మాట్లాడించి రావడం. ఆయన విప్పిన చీర మళ్ళీ మడతపెట్టేశాడు. అలాంటి ఇంటికి చీర తీసుకుపోవాల్సింది పుట్టింటివాళ్ళట, స్నేహితురాలు తీసుకుపోతే బాగుండదట. "ఉత్త చేతుల్తో పోండమ్మా. పోయి ఆమె పక్కన కూర్చోండి. వాళ్ళు రా అనరు, మీరు పోయొస్తా అనగూడదు. అంతే" అన్నాడు. ఆ మాట అనకూడదని మా వైపూ ఉంది. అమ్మకం పోగొట్టుకుని మరీ చెప్పిన మనిషికి దణ్ణం పెట్టి బయటికొచ్చాను.

పదకొండింటికి జమ్మలమడుగు బస్సు ఎక్కాను. ఇది పల్లెవెలుగు, ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్టు కొట్టి ఇచ్చింది. ముప్పావు గంట ప్రయాణం. చలి తగ్గి ఎండ ఇంకా ముదరని రోజులు కాబట్టి హాయిగా ఉంది. రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడిలో శనగ పంట కోతకొచ్చింది. గండికోట చూడదలచినవాళ్ళు జమ్మలమడుగు బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకోవాలి. నన్ను కూడా ఇద్దరు ఆటోవాళ్ళు కోటకా అని అడిగారు. నాకు కోటలు చూసే మనసు లేదు.

కమరున్ ఇల్లు బస్టాండుకు నడక దూరం. నేల మీద నల్లబండలు, గోడలకు నల్లబండలు, కూర్చోవడానికి నల్లబండ అరుగు. చల్లగా ఉంది. కమరున్ మాలో చిన్నది, ఎప్పుడూ నోరు మూసుకుని కూర్చున్న మనిషి కాదు. నేను చెప్పులు విడిచేలోపే కోడలితో పడ్డ గొడవ చెప్పింది, నీళ్ళు తాగేలోపు షుగరు ఎంతుందో చెప్పింది, పలావు వడ్డిస్తూ చనిపోయిన మొగుణ్ణి తలుచుకుని ఏడ్చింది, దాల్చా పోస్తూ ఆయన గురక గుర్తొచ్చి నవ్వింది. అదే నోరు, అదే పూట. ఇంత బోలు మనిషేమిటని వెనకటి నుంచీ నాకు ఆమె అంటే కాస్త చులకన. నాకూ సుభద్రకూ మధ్య ఉన్నదే అసలు స్నేహమని, కమరున్‌ది గుంపులో గోవింద అని అనుకునేదాన్ని.

తిన్నాక అడిగాను. ఓబుళరెడ్డి పోయిన సంగతి సుభద్రే నీకు చెప్పిందా అని. చెప్పిందట. నాకెందుకు చెప్పలేదని అడిగితే, "నీకు తెల్సనే అనుకుంటినక్కా. మీరిద్దరూ వారం వారం మాట్లాడుకుంటారు కదా" అంది. తను ఎలా మాట్లాడించి వచ్చిందో కూడా చెప్పింది. మొదట సుభద్ర రాయిలాగా కూర్చుందట. పక్కన కూర్చున్న కమరున్‌కు తన మొగుడు పోయిన రోజు గుర్తొచ్చి, ఆపుకోలేక తన ఏడుపు తాను ఏడ్చిందట. "ఆయమ్మను ఓదార్చను పోయి నేనే ఏడిస్తి, సిగ్గులేకుండ. అప్పుడు నా ఒళ్ళో తల పెట్టుకోని ఆయమ్మా ఏడ్చింది" అంది.

కమరున్ ఒళ్ళో తల పెట్టుకుందట. నాతో పండుకోనుండాడు అని చెప్పిన మనిషి. ఈడ్చి కొట్టినట్టయింది. అరవై దాటినదాన్ని, చిన్నపిల్లలాగా కుళ్ళుకున్నాను, దాచుకోవడం ఎందుకు. ఇన్నేళ్ళు నేను ఆమెకు ఎవరిననుకున్నాను, ఎవరినయ్యాను? నాకు తెలియాల్సింది అదొక్కటే. అది తేల్చుకోకుండా గుంటూరు బస్సు ఎక్కకూడదనుకున్నాను.

గిన్నెలు తీస్తూ కమరున్, "కిరణ్ ఎట్లుండాడక్కా?" అంది. బాగున్నాడన్నాను. ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఇంకేమీ అడగకుండా గిన్నెలు లోపలికి తీసుకుపోయింది.

ఆ పూటే పులివెందులకు పోదామంటే కమరున్ పోనివ్వలేదు. రేపు బేస్తవారం పోదువు, పొద్దున్నే పోతే మాట్లాడుకోను టైముంటుంది అంది. తోడు రమ్మంటే రానంది. "నేనుంటే మళ్ళా పాత నవ్వులాటలైతాయి. నువ్వొక్కదానివే పో" అంది. అది బోలు మనిషి అనాల్సిన మాట కాదు.

గురువారం ఉదయం ఎనిమిదింటికి ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు దొరికింది. గంటన్నర పైన పడుతుంది. నా పక్కన తలపాగా పెద్దాయన ఒకరు పచ్చిశనగల మోపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు కొమ్మలు తుంచి నా చేతిలో పెట్టి, తినమ్మా అన్నాడు. యాడికి పోతాండారు, ఎవరింటికి, ఏమవుతారు అన్నీ అడిగాడు. ఓబుళరెడ్డి పేరు చెప్పగానే తల ఊపాడు. ఆయన చీనీ తోట, మేం బత్తాయి అంటాం, తెలుసట, కాయ మంచి రసముండేదట. తొండూరు దాటాక నేల రంగు మారింది, అరటి తోటలూ చీనీ తోటలూ మొదలయ్యాయి. దిగబోయే ముందు ఆ పెద్దాయన, "ఆయమ్మ ఫోనాపీసులో పనిచేసింది కదా. శానా గట్టి మనిషి. దినాల పొద్దు కూడా కంట నీళ్ళు పెట్టలేదంట" అన్నాడు. ఊరంతా దాన్ని గొప్పగా చెప్పుకుంటోందని అర్థమైంది.

పదింటికి పులివెందుల. బస్టాండులో టీ తాగి, ఏం తిట్టాలో వరుసగా అనుకుంటూ నడిచాను. మొదటి మాట, పడుకున్నాడని అబద్ధం చెప్తావా నాతో? రెండో మాట, నేను నీకు పరాయిదాన్నా? వాకిలి తీసే ఉంది. ఎవరూ రా అనలేదు. నడింట్లో చాప మీద సుభద్ర కూర్చుని ఉంది. గోడకు చేరగిలబడి, పక్కన స్టూలు మీద ఫోను. కొక్కేనికి ఓబుళరెడ్డి తువ్వాలు ఇంకా వేలాడుతోంది. బొట్టు లేని మొహం మీద ఎముకలు బయటపడ్డాయి. నా తిట్లన్నీ ఎటు పోయాయో తెలియదు. పక్కన చతికిలబడ్డాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఏదో ఒకటి అనాలి కదా, మౌనంగా కూర్చోవడం నాకు చేతకాదు. ఇలా నాజూగ్గా అయ్యావేమిటే, ఏం మందు వాడుతున్నావు, నాకూ చెప్పు అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. సుభద్ర నా వైపు తిరిగి, కోపమేమీ లేకుండా, "నవ్వాల్నా మే?" అని అడిగింది.

లోపల సుభద్ర కోడలు కుక్కరు పెట్టింది. రెండు విజిల్లు వచ్చాయి. చివరికి నేనే, పోట్లాట గొంతుతో కాదు, నాకెందుకు చెప్పలేదని అడిగాను. పడుకున్నాడని ఎందుకన్నావని అడిగాను. నోట్లో నుంచి ఆ మాట వచ్చేసిందట, ఆ మీద తిప్పుకోలేకపోయిందట. మళ్ళీ ఆదివారం చెబుదామనుకునేదట. నేను నవ్వుతూ ఫోను తీసేదాన్నట. నేను అంతటితో వదల్లేదు. కమరున్‌కు చెప్పావు కదా, ఆమె దగ్గర ఏడ్చావు కదా అన్నాను.

"కమరున్ తన ఏడుపులన్నీ నాకు చెప్తాది" అంది సుభద్ర. "నువ్వు ముప్పై యేండ్లలో ఎప్పుడన్నా నాకొక కష్టం చెప్పినావా మే? నీ మొగుడు మంచోడు, నీ కొడుకు మంచోడు, మామిడిపండ్లు తెస్తాడు. కష్టమే లేని మనిషి ముందర కూర్చోని ఎట్ల ఏడ్చేది? నాకు సిగ్గు కాదా?"

చెప్పు, ఇప్పుడు చెప్పు అని నా లోపల ఎవరో తోస్తున్నారు. మామిడిపళ్ళు నేనే రైతుబజారులో కొన్నానని చెప్పు. నోరు తెరిచాను కూడా. అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. తొండూరు వైపు చుట్టాలట, నలుగురు ఆడవాళ్ళు మాట్లాడించడానికి వచ్చారు. ఒకావిడ గడపలోనే గొల్లున ఎత్తుకుంది. సుభద్ర పొడి కళ్ళతో లేచి, ఆమెను పట్టుకుని చాప మీద కూర్చోబెట్టి, తనే ఓదార్చడం మొదలుపెట్టింది. నా వైపు మళ్ళీ చూడలేదు. కోడలు అన్నం తిని పొమ్మంటే చారుతో నాలుగు ముద్దలు మింగి, సంచి తీసుకున్నాను. నడింట్లో జనం ఇంకా కదల్లేదు. పోయొస్తాను అనకూడదు కాబట్టి అనకుండానే చెప్పులేసుకున్నాను. ఇంకో మాట చెప్పాలి. ఆ ఆచారం ఆ నిమిషాన నాకు పెద్ద సాకుగా పనికొచ్చింది. ఎవరైనా ఏడుస్తుంటే తప్పుకోవడం నా పాత ఉద్యోగం, మళ్ళీ అదే చేశాను.

మూడింటికి వేంపల్లె మీదుగా కడప పోయే ఎక్స్‌ప్రెస్సు. ఇందులోనూ ఆడవాళ్ళకు టికెట్టు లేదు. కడపలో రాత్రి ఎనిమిదింటికి గుంటూరు బస్సుకు రిజర్వేషన్ ఉంది, కాబట్టి తొందరేమీ లేదు. కిటికీ పక్కన కూర్చున్నాను. నా పక్కన ఒక నడివయసు మనిషి, కాళ్ళ దగ్గర అరటికాయల సంచి. వేంపల్లెలో దిగి, బస్సు మారి కమలాపురంలో కూతురింటికి పోతోందట. నా మొహం చూసి ఏమనుకుందో, మాటలు పెంచలేదు. బస్సు కదిలింది. వచ్చేటప్పుడు కోపమైనా ఉంది తోడుగా, ఇప్పుడు అదీ లేదు. అడగాల్సినది అడిగి తెలుసుకున్నాను. నేను ఆమెకు ఎవరినో తేలింది. వారానికి మూడు నిమిషాల మనిషిని. ఇంటికెళ్ళాక మావారు ఏమైందని అడిగితే, బాగానే జరిగిందని చెప్పడానికి అప్పుడే మాటలు వెతుక్కుంటున్నాను.

వేంపల్లె దగ్గరపడుతుండగా ఫోను మోగింది. సుభద్ర. ఆదివారం కాదు కదా అనే ముందు తోచింది నాకు.

యాడుండావు అంది. వేంపల్లె వస్తోందన్నాను.

"చెప్పకుండ పోయినావే" అంది.

చెప్పకూడదు కదే అన్నాను. డ్రైవరు హారను కొట్టుకుంటూ ఎడ్లబండిని దాటించాడు. మామూలుగా అయితే ఇక్కడ ఎవరో ఒకరం, సరే ఉంటా అనేవాళ్ళం. నేను అనబోతున్నాను కూడా. ఆమె ఎప్పుడూ అడిగేదే అడిగింది. "పిల్లోడెట్లుండాడు మే?"

బాగున్నాడు అన్న మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంది. ఎన్ని వందల ఆదివారాలు పలికిన మాట, దానంతట అదే వస్తుంది. దాన్ని మింగడానికి ఎంత కష్టపడ్డానో మీకు చెప్పలేను.

"తెలీదే" అన్నాను.

అంతే, ఇక ఆగలేదు. బస్సు నిండా జనం, కండక్టర్ నా ముందరే నిలబడి ఉన్నాడు, నాకు ఎవరూ కనపడలేదు. "వాడి గొంతు విని నాలుగేళ్ళయిందే. ఇంటికి రాడు. మామిడిపళ్ళు నేనే కొన్నాను. మావారితో మాత్రం మాట్లాడతాడు. ఆయన ఫోను పట్టుకుని డాబా ఎక్కుతారు. నేను కింద వంటింట్లో పొయ్యి ఆపేసి, ఫ్యాను ఆపేసి నిలబడతాను. ఏమీ వినపడదే సుభద్రా. ఒక్క మాట కూడా వినపడదు." వెక్కిళ్ళు వచ్చాయి. పక్కనున్న మనిషి మొహం అటు తిప్పుకుని, నా వైపు చూడకుండానే నీళ్ళసీసా మూత తీసి నా చేతిలో పెట్టింది.

లైను తెగిందనుకున్నాను. తర్వాత వినపడింది. మొదట దగ్గులాగా, తర్వాత ఊపిరి అందనట్టు. వేలకొద్దీ లైన్లు కలిపినదాన్ని, ఆ చప్పుడు నాకు తెలియకపోవడమేమిటి. సుభద్ర ఏడుస్తోంది. వెనకటి అలవాటు చొప్పున నా చెయ్యి ఫోనును చెవి నుంచి కాస్త ఎడం జరిపింది. మళ్ళీ గట్టిగా ఆనించుకున్నాను.

"ఆ పొద్దు ఆదివారం మే" అంది. "నీతోనే మాట్లాడతాంటి. ఆయప్ప మంచం మీద పండుకోని, సుభద్రా అని పిలిచినాడు. ఆగు అని చెయ్యి ఊపితి. మూడు నిమిషాలే కదా అనుకుంటి. ఫోను పెట్టేసి పోయి చూస్తే అట్లనే పండుకోనుండాడు."

ఆ ఆదివారం నేనేం మాట్లాడాను? గుర్తు రాలేదు. మా ఇంటి పంపు గురించో, చింతకాయ పచ్చడి గురించో.

"నీకెట్ల చెప్పేది మే? చెప్తే నువ్వు గూడా ఆ మూడు నిమిషాలు మోసుకోని తిరుగుతావు" అంది.

ధైర్యంగా ఉండమని నేను అనలేదు. నీ తప్పు కాదనీ అనలేదు, అది తర్వాత ఎప్పుడైనా చెప్పవచ్చు. "ఏడువే" అన్నాను. నేనూ ఏడ్చాను. వేంపల్లెలో బస్సు ఆగింది, దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు నన్ను చూసి పక్క సీట్లకు పోయారు. మళ్ళీ కదిలింది. దారి పొడవునా ఇద్దరం ముక్కులు చీదుకుంటూ, ఒకసారి ఆమె ఓబుళరెడ్డి సంగతులు, ఒకసారి నేను కిరణ్ సంగతులు. వాడి పెళ్ళిలో ఎవరేమన్నారో, నేనేమన్నానో, మీకు రాయనన్నది కూడా ఆమెకు చెప్పాను. అంతా విని, ముందు నన్ను నాలుగు తిట్టింది. తర్వాత వాణ్ణి నాలుగు తిట్టింది. నాకు ఎంత హాయిగా ఉందో.

కిటికీలో చీనీ తోటల మీద ఎండ పల్చబడింది. అవతల సుభద్ర గొంతు సవరించుకుంది. తర్వాత వినపడ్డది ఇన్నేళ్ళ కిందటి గొంతు, ఎక్స్ఛేంజిలో పక్క బోర్డు ముందు కూర్చుని రోజంతా నేను విన్న గొంతు. ఏడుపు జీర ఇంకా పోలేదు.

"మూడు నిమిషాలయిందండీ. పొడిగించమంటారా?"

కడపకు ఇంకా గంట ప్రయాణముంది. గుంటూరుకు రాత్రంతా ఉంది.

"పొడిగించండి" అన్నాను.